పసుపుచుక్క పళ్లెం

హెల్గాను భోజనానికి పిలిచినవాళ్లెవరూ ఖాళీ పళ్లెం ఆవిడ ముందు పెట్టేవాళ్లు కాదు. పెడితే అంతే సంగతులు. కుర్చీలో కుదురుగా కూచోకముందే దాన్ని తిరగేసి, అడుగున ముద్ర చూసి, ముద్ర మీద అడ్డగీత ఉంటే 'రెండో రకం' అని గొణుక్కుని, గోటితో అంచు మీద టంగుమనిపించి చెవి దగ్గర పెట్టుకునేది. మోత గంటలా సాగితే మంచి సరుకు. చెక్కని కొట్టినట్టు ఠక్కున ఆగిపోతే లోపల ఎక్కడో వెంట్రుకంత పగులున్నట్టు. ఒకసారి పాస్టరుగారింట్లో సూపు పోసిన పళ్లెం అడుగు కూడా చూడబోయి, ఆ సూపంతా పాస్టరుగారి ఒళ్లో పోసింది. ఆ ముచ్చట ఆమె మొగుడు ఈవర్ ఎవరు దొరికినా చెప్పి నవ్వుతాడు.

"మా ఇంట్లో రెండు కులాలు," అంటాడు ఈవర్. "అద్దాల బీరువాలో ఉండేవి, బయట ఉండేవి. నేను బయట కులం. నాకు రేకు పళ్లెం."

ఈవర్ ఎగతాళి చేస్తాడు గానీ, ఆవిడ కూడబెట్టేది ఊళ్లో ఉన్న పింగాణీ అంతా కాదు. ఆవిడకి కావలసినవి నీలిపువ్వుల పళ్లాలు. తెల్లటి పింగాణీ మీద చేత్తో దిద్దిన నీలిపువ్వులు, అడుగున మూడు అలల ముద్ర, పక్కన ఆ పువ్వులు దిద్దిన అమ్మాయి నంబరు. అవి దేశమంతా ఉన్నాయి. వాటిలోనూ అడుగు అంచు మీద, మినపగింజంత, పసుపురంగు చుక్క ఉన్నవే కావాలి.

ఆ చుక్క సంగతి చెప్పాలంటే హెల్గా పుట్టిన రోడ్డు సంగతి చెప్పాలి. ఫ్యూన్ ద్వీపానికి దక్షిణాన, ఫోబోర్ పట్నానికి కూతవేటు దూరంలో, అటూ ఇటూ రైతిళ్లున్న రోడ్డు అది. ఆ రోడ్డున ఉన్న ఇల్లాళ్లు కూడబలుక్కుని అందరూ ఒకే రకం నీలిపువ్వుల పింగాణీ కొనుక్కునేవారు. పుట్టినరోజుకి ఒకటి, క్రిస్మస్‌కి ఒకటి, అలా ఏళ్ల తరబడి. పెళ్లయి పాతికేళ్లయిన పండక్కో, పద్నాలుగేళ్ల పిల్లలకి చర్చిలో చేసే కన్ఫర్మేషన్‌కో ఎవరింట్లోనైనా వందమందికి బల్లలు వేయాల్సొస్తే అన్నిళ్ల పళ్లాలూ గడ్డి పరిచిన బుట్టల్లో ఆ ఇంటికి చేరేవి. బల్ల మీద చూస్తే అదంతా ఒకే గొప్పింటి సరుకులా ఉండేది. తిన్నాక ఎవరివి వాళ్లకి చేరాలిగా, అందుకని అడుగున తలా ఒక రంగు చుక్క. హెల్గా తల్లి మారెన్‌ది పసుపు, గడ్డిబండికి వేయగా మిగిలిన రంగు. రోడ్డుకి అవతలింటి డాగ్నీది ఎరుపు, అది ట్రాక్టరు రంగు. గిన్నెలు కడిగేటప్పుడు ఆడవాళ్లు తడిచేతుల్తో పళ్లెం తిరగేసి 'పసుపూ... ఎరుపూ... ఎవరిదే ఈ ఆకుపచ్చా!' అని అరుచుకుంటుంటే, చిన్నపిల్ల హెల్గా ఆవిరి నిండిన వంటింట్లో నిలబడి అదొక పాటలా వినేది.

పగిలినవాటిని, అంచు లేచినవాటిని కూడా పారేసేవాళ్లు కాదు. ఏడాది పొడుగునా ఒక బుట్టలో దాచి, డిసెంబరు ఆఖరి రోజున చీకటి పడగానే ఇష్టమైనవాళ్ల గుమ్మానికేసి కొట్టి పరిగెత్తేవాళ్లు. తెల్లారి ఎవరి గుమ్మం ముందు ఎన్ని పెంకులుంటే వాళ్లకి అంతమంది కావలసినవాళ్లున్నట్టు. శుభ్రంగా ఉన్న గుమ్మాన్ని చూస్తే జనం జాలిపడేవాళ్లు. ఏ కుండ పగిలినా, ఏ కప్పు చెవి ఊడినా 'పోనీలే, కొత్త సంవత్సరానికి పనికొస్తుంది' అనేది మారెన్.

మారెన్, డాగ్నీ ప్రాణస్నేహితులు. వాళ్ల కూతుళ్లు హెల్గా, తోవె అంతకంటే ప్రాణం. పిల్లలిద్దరికీ ఒకే ఆదివారం కన్ఫర్మేషన్ వచ్చింది. పళ్లాలు రెండిళ్లకీ ఒకేసారి చాలవు కాబట్టి హెల్గా వాళ్లింట్లో ఆదివారం విందు, తోవె వాళ్లింట్లో సోమవారం విందు అనుకున్నారు. రెండు విందులూ బ్రహ్మాండంగా జరిగాయి. గొడవ గిన్నెలు కడిగాక వచ్చింది. డాగ్నీ ఎర్రచుక్క పళ్లెం ఒకటి తగ్గింది. ఎక్కడ వెతికినా లేదు. డాగ్నీ తిన్నగా రోడ్డు దాటి మారెన్ ఇంటికొచ్చి, రోడ్డు మీది ఆడవాళ్లంతా చూస్తుండగా, మారెన్‌ని అడక్కుండా ఆమె బీరువా తెరిచి పళ్లాలన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. ఎర్రచుక్క కనబడలేదు. మారెన్ తలుపు తీసి పట్టుకుని నిలబడింది, వెళ్లమన్నట్టు.

అంతే. ఆ రోజు నుంచి ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు.

ఆ క్రిస్మస్‌కి హెల్గా వాళ్లు అమ్మమ్మగారింటికి వెళ్లి, ఏడాది ఆఖరికి తిరిగొచ్చారు. మరుసటేడు ఈస్టర్‌కి గానీ నీలిపువ్వుల పళ్లాలు బయటికి రాలేదు. బల్ల సర్దుతూ హెల్గా లెక్కపెట్టింది. ఎప్పుడూ పన్నెండుండేవి, పదకొండే ఉన్నాయి.

"అమ్మా, పన్నెండోది ఏదీ?"

మారెన్ కిటికీ వైపు చూస్తూ, "రోడ్డవతల ఉంది," అంది.

పదిహేనేళ్ల పిల్లకి అంతకంటే ఏం కావాలి? బీరువాలో పళ్లాలు తిరగేసిన డాగ్నీ, తనది పోయినందుకు చెల్లుకి చెల్లుగా పోతూ పోతూ ఒకటి పట్టుకుపోయిందన్నమాట. హెల్గా ఆ మాట తోవెని అడగలేదు. అడగకుండానే తోవెతో మాట్లాడ్డం మానేసింది. తోవె కూడా వాళ్లమ్మ పక్షాన బిగుసుకుంది. ఆ పేటలోనే పెళ్లిళ్లయి, ఆ పేటలోనే ముసలివాళ్లవుతూ, కోఆపరేటివ్ కొట్లో ఎదురైతే ఇద్దరూ తల ఒక్క అంగుళం ఊపేవాళ్లు.

మారెన్ పోయాక హెల్గా అన్న ఇల్లూ వాకిలీ అమ్మేశాడు. పింగాణీని ఊరూరూ తిరిగే పాత సామాన్లవాడికి గుత్తగా ఇచ్చేశాడు. హెల్గాకి ఆ సంగతి తెలిసేసరికి వ్యాను వెళ్లిపోయింది. అప్పుడు మొదలైంది ఆవిడ వేట. చర్చి కొట్టాల్లో పెట్టే పాత సరుకుల సంతలు, చనిపోయినవాళ్ల ఇళ్లు ఖాళీ చేసే అమ్మకాలు, స్వెన్‌బోర్ కొట్లు, ఓడెన్స కొట్లు. కొట్లవాళ్లు ఆ చుక్కల్ని మురికనుకుని మందుపెట్టి తుడిచేసేవాళ్లు. హెల్గా పరిగెత్తుకెళ్లి, "తుడవకండి బాబూ, మురికున్నదానికే ఎక్కువిస్తాను," అంటుంటే, పాపం ఈవిడకి తల తిరిగిందనుకునేవాళ్లు. ఒకటి అరటిపళ్ల పెట్టెలో దొరికింది. ఒకటి ఎవరో పిల్లి కింద దొరికింది, దాన్లో పాలు తాగుతోంది. ఇరవై ఏళ్లు పట్టింది గానీ పదకొండూ చేరాయి. బీరువాలో పన్నెండోదానికి చోటు వదిలి ఉంచింది. ఆ ఖాళీ ఆవిడకి పన్ను ఊడిన చిగురులా ఉండేది, నాలుక అస్తమానం అక్కడికే పోతుంది.

అలాంటిది, పంతొమ్మిదివందల తొంభై ఎనిమిది వేసవిలో డాగ్నీ నిండు ముసలితనంలో కన్నుమూసింది. అక్టోబరులో కొట్టు గోడ మీద తోవె చేతిరాతతో ఒక కాగితం: ఇల్లు అమ్మేశాం, సామాన్లు శనివారం కొట్టంలో అమ్మబడును.

"ఈ శనివారం దొరక్కపోతే ఇంక దొరకదు," అంది హెల్గా.

"దొరికితే?" అన్నాడు ఈవర్.

"దొరికితే పన్నెండు."

"పన్నెండైతే అప్పుడు నన్ను వాటిలో తిననిస్తావా?"

"పిచ్చా నీకు?"

* * *

శనివారం హెల్గా అందరికంటే ముందే వెళ్లింది. కొట్టంలో పాత తలుపుల మీద సామాన్లు పరిచి, తోవె కాఫీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని నిలబడి ఉంది.

"ఓహో, హెల్గా గారు! దారి తప్పారా ఏంటి?"

"లేదు. కాగితం చూసి వచ్చాను."

"కాగితం అంటిస్తే వస్తావని తెలీక ఇన్నేళ్లూ ఊరుకున్నాను చూడు."

హెల్గా సామాన్ల వైపు నడిచింది. నీలిపువ్వుల పళ్లాలు వరసగా ఉన్నాయి. ఒకటి తీసింది, తిరగేసింది. ఎరుపు. ఇంకోటి, ఎరుపు. ఒక నీలం, ఎవరిదో కలిసిపోయింది. మళ్లీ ఎరుపు.

"కిందవైపు ఎవరూ తినరే," అంది తోవె.

"చూడనీ."

"చూడు, చూడు. మా అమ్మ మీ బీరువాలో పళ్లాలు తిరగేసిందని మీ అమ్మ చచ్చేదాకా మాట్లాడలేదు. ఇప్పుడు నువ్వు మా కొట్టంలో చేసే పని ఏంటో?"

హెల్గా చేతిలో పళ్లెం ఆగింది. తొందరలో, దాచుకుని దాచుకుని ముదిరిన మాట నోట్లోంచి జారింది. "మాది ఒకటి మీ ఇంట్లో ఉంది తోవె. పసుపుచుక్కది. అమ్మ చెప్పింది."

తోవె ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. మొహం ఎర్రబడింది. "అంటే, మా అమ్మ దొంగ. అంతేనా?"

"నేనామాట అనలేదు."

"నలభై ఏళ్లుగా అంటున్నావు, నోరు తెరవకుండా. రా. వంటిల్లు, నేలమాళిగ, మంచాల కింద, అన్నీ వెతుకు. లేకపోతే మా అమ్మ సమాధి దగ్గరికెళ్లి నీ నోటితో నువ్వు చెప్పిరా."

కొనడానికి వచ్చినవాళ్లని వాళ్ల మానాన వదిలేసి తోవె ముందు నడిచింది. హెల్గాకి వెనక్కి పోవడానికి మొహం చెల్లలేదు. వెనకే వెళ్లింది.

వంటింట్లో సబ్బుతో తోమిన నేల వాసన, కాఫీ వాసన. తలుపు వెనక, నడుమెత్తున, ఒక మేకు. అది హెల్గా కోసం కొట్టిన మేకు. చిన్నప్పుడు రోజూ వచ్చి ఏప్రన్ దానికే తగిలించుకునేది. రొట్టె మీద వెన్న రాసి బెల్లంరంగు చక్కెర చల్లి డాగ్నీ ఇద్దరికీ చెరోటి ఇచ్చేది, హెల్గాది ఎప్పుడూ ఒక చిటికెడు ఎక్కువ. హెల్గా ఆ మేకుని వేలితో తడిమింది. కానీ తోవె అప్పటికే అలమార తలుపులు ధన్‌ధన్‌మని తెరుస్తోంది.

"చూడు. ఇదీ చూడు. పొయ్యిలో కూడా చూడు, కాల్చి తిన్నామేమో."

లేదు. ఎక్కడా లేదు. నేలమాళిగలో లేదు, అటక మీద లేదు. హెల్గా మళ్లీ వంటింట్లోకి వచ్చి, రోడ్డు వైపు కిటికీ పక్క చిన్న అర ఒక్కటీ మిగిలిందని వంగింది. జీవితంలో ఒక కప్పు అంచు కూడా పగలగొట్టని మనిషి. ఆవిడ చేతిసంచి కిటికీ గట్టు మీది జెరానియం కుండీకి తగిలింది. కుండీ దభీమని నేలమీద పడి రెండు ముక్కలైంది.

"అయ్యో!"

ఎన్నాళ్ల మొక్కో. కాండం చెక్కబారిపోయింది. మట్టి విడిపోయినా వేళ్లు ముద్దగా దేన్నో పట్టుకున్నాయి. ఆకుల గులాబీ వాసన గదంతా కమ్మింది. హెల్గా మోకాళ్ల మీద కూచుని మట్టి దోసిట్లోకి తీస్తూంటే, వేళ్ల మధ్య నుంచి నీలంగా ఏదో మెరిసింది.

నీలిపువ్వు.

వేళ్లు తెగకుండా ఒక్కో ముక్కా విడదీసింది. కుండీ అడుగున నీళ్లు జారడానికి పెంకులు వేయడం అందరూ చేసేదే, కానీ ఒకే పళ్లెం పెంకులన్నీ ఒకే కుండీలో ఎవరేస్తారు? అడుగు ముక్క దొరికింది. బొటనవేలితో రుద్దింది. మూడు అలలు. పక్కన అంచు మీద పసుపుచుక్క.

బయట కొట్టంలో ఎవరో ధర అడుగుతూ కేకేస్తున్నారు.

తోవె మెల్లిగా మోకాళ్ల మీదకి దిగింది. "ఇది..." అంది. "ఇది ఆ కొత్త సంవత్సరానిది."

"ఏ కొత్త సంవత్సరం?"

"కన్ఫర్మేషన్ అయిన ఏడాది. తెల్లారి అమ్మ గుమ్మం ఊడవడానికి వెళ్లింది. ఎంతకీ లోపలికి రాలేదు. వెళ్లి చూస్తే మెట్టు మీద నిలబడి ఉంది, ఏప్రన్ నిండా పెంకులు. మిగతావన్నీ తీసుకెళ్లి గోతిలో పోసింది, ఇవి మటుకు పోయలేదు. 'ఎవరో మంచి పళ్లెం పగలగొట్టారు మనకోసం,' అంది. అంతే. నాకేం తెలుసు, పగిలిందేదో కొట్టారనుకున్నాను."

"మా అమ్మ పగిలినవే కొట్టేది ఎవరి గుమ్మానికైనా," అంది హెల్గా. "బుట్టలో దాచేది."

"ఇది పగిలింది కాదుగా."

"కాదు." హెల్గా ముక్కని వెలుతురుకి పెట్టి చూసింది. పాత పగుళ్ల మురికి గీత ఎక్కడా లేదు. "మంచిది. మొదటి రకం."

తోవె లేచి కొట్టంలోకి వెళ్లి ఒక ఎర్రచుక్క పళ్లెం పట్టుకొచ్చింది. "ఇదీ చూడు. ఆ రోజు పోయింది ఇదే. కోతల రోజుల్లో ఒక పొద్దున రోడ్డు పక్కన పాలబండి కోసం క్యాన్లు పెట్టే మా అరుగు మీద గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టి ఉంది. మనిషి లేదు, మాట లేదు. 'వెనక దారిన వచ్చి పెట్టిపోవడమేంటి, తలుపు కొట్టి ఇవ్వలేదేం' అని అమ్మ ఇంకా మండిపడింది."

హెల్గా గోటితో అంచు మీటింది. మోత వెంటనే ఆగిపోయింది. అంచు నుంచి లోపలికి సన్నటి పగులు, ఆ పగులులోకి ఇంకిన ఊదారంగు. ఆ రంగు ఆవిడకి తెలుసు.

"బీట్‌రూట్," అంది. "మా నేలమాళిగలో ఊరగాయ జాడీ మీద ఎప్పుడూ ఒక పళ్లెం బోర్లించి, పైన రాయి పెట్టేవాళ్లం. విందు హడావిడిలో ఎవరో చేతికి దొరికింది పెట్టేసి ఉంటారు. అది మా ఇంట్లోనే ఉంది తోవె. తప్పు మాదే. అమ్మకి కోతల రోజుల్లో జాడీ తెరిచినప్పుడు తెలిసుంటుంది."

"తెలిసి తలుపు కొట్టలేకపోయింది."

"పళ్లెం పగలగొట్టడానికి వచ్చింది గానీ."

తోవె నవ్వింది, ముక్కు ఏప్రన్‌తో తుడుచుకుంటూ. "మాట్లాడ్డం వాళ్లకెప్పుడొచ్చింది తల్లీ? ఇద్దరూ ఎదురెదురుగా కూచుంటే గదిలో గడియారమే మాట్లాడేది." నవ్వుతూ నవ్వుతూ ఆగింది. "మరి మా అమ్మ? ఇంత తెలిసీ ఏమీ చేయలేదా? ఆమె అంత రాయి కాదే."

హెల్గా నేల మీద పడిన జెరానియం వైపు చూస్తోంది. ఆకు ఒకటి నలిపి వాసన చూసింది. ఆ వాసన ఈ ఇంటిది కాదు. తన పుట్టింటి వంటింటి కిటికీది.

"మాకూ ఉండేది," అంది నెమ్మదిగా. "ఇదే వాసన. ఆ ఏడు వసంతానికి వచ్చింది, కాఫీ డబ్బాలో నాటిన కొమ్మ. ఎక్కడిదే అమ్మా అంటే, పాలక్యాన్ల అరుగు మీద ఉందంది. పాలబండి వాడు ఎవరిదో మర్చిపోయాడనుకున్నాను. చచ్చేదాకా ఆ మొక్కని రోడ్డు వైపు కిటికీలోంచి కదలనివ్వలేదు. అన్న ఒకసారి తీసి పక్కన పెడితే కసిరింది."

రోడ్డు వైపు కిటికీ. తోవె లేచి నిలబడి తమ కిటికీలోంచి చూసింది. అవతల, ఇప్పుడు ఎవరో కొత్తవాళ్లున్న ఇంటి వంటింటి కిటికీ తిన్నగా ఎదురుగా ఉంది. ఇక్కడ దీపం పెడితే అక్కడికి కనబడుతుంది.

'రోడ్డవతల ఉంది' అన్నప్పుడు అమ్మ ఎటు చూస్తోందో హెల్గాకి అప్పుడు గుర్తొచ్చింది.

"అంటే ఆ కొమ్మ మా అమ్మ పెట్టిందే. వాళ్లిద్దరికీ ఆ ఏడాదే చల్లారిపోయింది," అంది తోవె. "ఒకరి మొక్క ఒకరు చూసుకుంటూ హాయిగా కాఫీ తాగారు. మనమిద్దరమే, గాడిదల్లాగా, వాళ్ల గొడవ మోసుకుంటూ ఊరంతా తిరిగాం."

"నేనే," అంది హెల్గా. "నేను అడిగుంటే సరిపోయేది. పదిహేనేళ్లప్పుడే."

"నన్నడిగితే నేను జుట్టు పట్టుకునేదాన్ని అప్పుడు." తోవె చేయి చాచింది. "లే. మోకాళ్లు పట్టేస్తాయి. కాఫీ తాగుదాం. కొట్టంలో వాళ్లు ఏం పట్టుకుపోతే అది పట్టుకుపోనీ."

కాఫీ తాగారు. వెళ్లేటప్పుడు తోవె పెంకులన్నీ గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. "అతికించుకో. ఓడెన్సలో అతికేవాళ్లున్నారట, గీత కూడా కనబడదట. నీ పన్నెండు నిండుతాయి."

హెల్గా మూటని చేత్తో తూచి చూసింది. ఇరవై ఏళ్లు వెతికింది దీనికోసం. తర్వాత మూట విప్పి, అటక మీద దొరికిన ఖాళీ కుండీ ఒకటి తెచ్చి, పెంకులు ఒక్కొక్కటే అడుగున పేర్చింది. పసుపుచుక్క ముక్క అన్నిటికంటే మధ్యన. పైన మట్టి పోసి జెరానియం నిలబెట్టింది.

"ఎక్కడివక్కడే ఉండనీ," అంది. "ఆవిడకిచ్చింది కదా అమ్మ."

* * *

ఆ రాత్రి భోజనానికి ఈవర్ బల్ల దగ్గర కూచుని, ముందున్న పళ్లెం చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. నీలిపువ్వులది. వేయించిన పందిమాంసం, బంగాళాదుంపలు, పైన గ్రేవీ.

"ఏమైంది? నేను చచ్చిపోతున్నానా? డాక్టరేమైనా చెప్పాడా?"

"తిను."

"ఫోర్కు గీతలు పడతాయే."

"పడనీ. అమ్మ వాటిలోనే తిన్నది."

ఈవర్ ఆ రాత్రి గుడ్ల మీద నడుస్తున్నట్టు తిన్నాడు. తినడమయ్యాక పళ్లెం పైకెత్తి అడుగు చూసి, "పసుపు," అన్నాడు భక్తిగా. హెల్గా చాన్నాళ్లకి పడీ పడీ నవ్వింది.

డిసెంబరంతా హెల్గా, తోవె కలిసి, ఇన్నాళ్లూ తోవె కూడా ఉంటున్న డాగ్నీ ఇల్లు ఖాళీ చేశారు. తోవె స్వెన్‌బోర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు తీసుకుంది, కొత్త సంవత్సరం రాగానే వెళ్లిపోవాలి. నలభై ఏళ్లు ఒకే పేటలో ఉండి మాట్లాడుకోలేదు, మాట్లాడుకోవడం మొదలెట్టగానే బస్సెక్కి వెళ్లాల్సిన దూరం వచ్చింది. అది తల్చుకున్నప్పుడల్లా హెల్గాకి తన మీద తనకే చిరాకేసేది. పెట్టెలు కడుతూ, కప్పులు కాగితాల్లో చుడుతూ, పాత సంగతులు చెప్పుకుంటూ, ఒకదాని మధ్యలో ఇంకోటి గుర్తొచ్చి అసలుది మర్చిపోయేవాళ్లు.

ఏడాది ఆఖరి రోజు మధ్యాహ్నం దాటగానే చీకటి పడింది. కొత్త సంవత్సరం కాడ్ చేప ఉడుకుతోంది, ఆవ సాసు కలిపి పెట్టింది. హెల్గా పొయ్యి తగ్గించి, కోటు వేసుకుని, బీరువా తెరిచింది. పగిలిన కప్పులు ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉండవు. ఆవిడ ఇంట్లో పగిలేవేం లేవు కదా. పదకొండింటినీ చూసింది. అన్నిటికంటే నిగనిగలాడేదాన్ని, పిల్లి కింద దొరికినదాన్ని తీసింది. గోటితో మీటింది. గంటలా మోగింది. మోత పూర్తిగా అణిగేదాకా విన్నది.

"ఎక్కడికే?" అన్నాడు ఈవర్.

"కారు తియ్యి. ఐదు నిమిషాల పని."

రోడ్డు చివర కారాపించి, హెల్గా తోవె వాకిట్లోకి చీకట్లో నడిచింది. వంటింట్లో దీపం వెలుగుతోంది. కిటికీలో జెరానియం. పళ్లెం తలపైకెత్తింది. కళ్లు మూసుకుని విసిరింది.

చప్పుడు ఊరంతా వినబడినట్టయింది. చిన్నప్పుడైతే పరిగెత్తేది. ఇప్పుడు పరిగెత్తలేదు.

తలుపు తెరుచుకుంది. తోవె చేతిలో గరిటె. గుమ్మం ముందు పెంకులు చూసింది, హెల్గాని చూసింది.

"ఏ చుక్క?"

"పసుపు."

"పిచ్చిదానా! మంచిదా?"

"మొదటి రకం."

తోవె గరిటె పట్టుకునే మెట్టు దిగి వచ్చి హెల్గాని గట్టిగా వాటేసుకుంది. గరిటెలోని సాసు హెల్గా కోటు వీపంతా కారింది. కాసేపటికి, "స్వెన్‌బోర్‌లో ఇలా కొట్టావంటే బిల్డింగువాళ్లు పోలీసుల్ని పిలుస్తారు," అంది.

"అక్కడికి సాసరు తెస్తాలే. చిన్నది."

"ఇంక పదే నీకు."

"తినేది ఇద్దరం. నువ్వొస్తే ముగ్గురం."

రోడ్డు చివర్నుంచి ఈవర్ హారన్ కొట్టాడు. "ఒసేయ్! ఆరవుతోంది, టీవీలో రాణిగారు కొత్త సంవత్సరం ప్రసంగం మొదలెట్టేస్తారు!"

"ఆగమను రాణిగారిని!" అని అరిచింది తోవె. లోపలికెళ్లి టార్చిలైటు తెచ్చింది. ఇద్దరూ ఆ చలిలో మెట్టు ముందు మోకాళ్ల మీద కూచుని, పెంకులు ఒక్కొక్కటే తిరగేస్తూ పోయారు. పువ్వు, పువ్వు, తెలుపు, ఒక అల.

"ఇదిగో," అంది తోవె. పసుపుచుక్క ముక్కని ఏప్రన్ కొసతో తుడిచి, వెలుతురుకి పెట్టి చూసి, జేబులో వేసుకుంది.

"నా కుండీలో ఇంకొంచెం చోటుంది."